బోడికాడ, నక్కగడ్డ

మొరంగుట్ట మీద ఏది ఎక్కడుందో సాయిలుకు తెలిసినంతగా ఆ గుట్టను పుట్టించిన దేవుడికి కూడా తెలియదని బగ్దల్‌లో ఒక మాట ఉంది. ఆ మాటను ఊళ్ళోకి తెచ్చింది సాయిలే. అయినా ఎవరూ కాదనలేదు. పద్దెనిమిదేళ్ళుగా అటవీ శాఖలో రోజుకూలీ వాచరుగా ఆ గుట్టను కాస్తున్న మనిషి. ఖాకీ చొక్కా ఇచ్చారు గానీ పర్మనెంటు చేయలేదు. ఏ తునికిచెట్టు పండు తియ్యగా ఉంటుందో, ఏ బండ సందులో ఉడుము పడుకుంటుందో, ఏ వాగు ఎన్ని వానలకు కదులుతుందో అడిగిన వాళ్ళకు చెప్పేవాడు, అడగని వాళ్ళకూ చెప్పేవాడు. అడగని వాళ్ళకే ఎక్కువ చెప్పేవాడు.

"నీకు తెల్వని సంగతంటూ ఉన్నదా ఈ లోకంల," అని అతని భార్య పుష్పమ్మ రొట్టె కొడుతూ ఎత్తిపొడిచేది.

"లోకం సంగతి తెల్వదు. గుట్ట సంగతి అడుగు," అనేవాడు సాయిలు, ఎత్తిపొడుపు అంటకుండా.

అట్లాంటి మనిషి దగ్గరికి ఒక ఫాల్గుణంలో మౌనశ్రీ వచ్చింది. జహీరాబాదు పిల్ల. బీదర్లో ఒక కాలేజీలో చెట్లూ మొక్కల పాఠాలు చెబుతుంది. ఫోన్లో ఒక పువ్వు బొమ్మ చూపించి, ఇది ఇక్కడ ఎక్కడైనా ఉందా అన్నా అని అడిగింది.

సాయిలు బొమ్మ వంక అరక్షణం చూశాడు. "బోడికాడ. పదమ్మా."

గుట్ట పడమటి వాలులో, చండ్రచెట్ల మధ్య, మనిషి నడవని చోటొకటి ఉంది. ఎండాకాలం మొదలై గడ్డి ఎండిపోయి, మొరం నేల కాళ్ళకింద కరకరమంటున్న రోజులు. ఆ నేలలోంచి, చుట్టూ ఒక్క ఆకైనా లేకుండా, వట్టి కాడలు లేచి నిలబడి ఉన్నాయి. మోకాలెత్తున కొన్ని, నడుమెత్తున కొన్ని. కాడ పొడుగునా చిన్నచిన్న పూలు, తలలు వంచుకుని, మాసిన తెలుపులో. నిజం చెప్పాలంటే చూడగానే కళ్ళు చెదిరే పువ్వేం కాదు. జడలో పెట్టుకోవడానికి పనికిరాదు, దేవుడికి ఎవరూ పెట్టరు. పొద్దు వాలితే విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. ఆకు లేదు కాబట్టే ఊళ్ళో దాన్ని బోడికాడ అన్నారు.

మౌనశ్రీ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. నిర్ణా వైపు ఒకచోట ఉండేదట, ఇప్పుడక్కడ జొన్నచేను. ధన్నూర దగ్గర ఇంకోచోట చూద్దామని పోతే ఏమీ మిగల్లేదట. ఈ చుట్టుపక్కల ఇంత గుంపుగా చూడటం ఇదే మొదటిసారి అంది. ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. అరవై నాలుగు కాడలు.

"ఇది పోతే మళ్ల దొరకదు అన్నా. నువ్వే జర కనిపెట్టుకొని ఉండాలె," అంది పోయే ముందు. "వానకాలంల ఈడ కలుపు బాగ లేస్తదేమో. లేవనియ్యకు."

"నాకు చెప్పాల్నా అమ్మా," అన్నాడు సాయిలు.

ఆ వారంలోనే సెక్షన్ ఫారెస్టరు శివానంద్ గుట్టకు వచ్చాడు. సాయిలు పై అధికారి. భాల్కి వైపు మనిషి, ఇంట్లో కన్నడం, సాయిలుతో తెలుగు. మౌనశ్రీ ఆఫీసుకు రాసి ఇచ్చిన కాగితం అతని చేతిలో ఉంది. అందులో 'స్థానిక వాచరు సాయిలు చెప్పిన ప్రకారం' అని రెండుచోట్ల ఉంది. శివానంద్ ఆ రెండుచోట్లా చదివి వినిపించాడు. సాయిలు ఇంటికి పోయి పుష్పమ్మకు నాలుగుసార్లు వినిపించాడు.

ఆషాఢంలో రెండు మంచి వానలు పడ్డాయి. మూడో రోజు పొద్దున్నే సాయిలు గడ్డపార భుజాన వేసుకుని గుట్టెక్కాడు. బోడికాడల జాగా చూసేసరికి కడుపు మండిపోయింది. ఆ చోటంతా నక్కగడ్డ లేచి ఉంది. పట్టీల్లాంటి ఆకులు, గుత్తులు గుత్తులుగా, నేల కనిపించకుండా. నక్కగడ్డంటే సాయిలుకు చిన్నప్పటి నుంచీ పడదు. మేక ముట్టదు, గొడ్డు ముట్టదు, దాని రసం తగిలితే చేయి దురద పెడుతుంది. నేల సారమంతా అదొక్కటే తాగేస్తుందని అతని నాయనమ్మ చెప్పేది. ఆ పిల్ల ఊరికే అనలేదు కలుపు అని, అనుకున్నాడు.

మూడు రోజులు తవ్వాడు. పైపైన కోస్తే మళ్ళీ లేస్తుంది కాబట్టి వేరుతో సహా పెళ్ళగించాడు. పిడికిలంత గడ్డలు కొన్ని, కొబ్బరికాయంత గడ్డలు కొన్ని. నడుము పట్టేసింది, చేతులు దద్దుర్లు తేలాయి. అయినా లోపల ఒక ఖుషీ. బోడికాడకు ఇంత సేవ ఎవరు చేశారు ఇన్నాళ్ళూ?

రెండో రోజు మధ్యాహ్నం బసమ్మ తన ఏడు మేకలతో అటుగా వచ్చింది. బసమ్మ సాయిలు కంటే ఆరేడేళ్ళు పెద్దది. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, ఉన్నవల్లా ఆ మేకలే. ఇంటి భాష కన్నడం గానీ నలభై ఏళ్ళుగా తెలుగిళ్ళ మధ్య ఉండి తెలుగులోనే తిట్టేది, తెలుగులోనే నవ్వేది. కాలికి ఆనెలు లేచినవాళ్ళకు ఏదో గడ్డ కాల్చి కట్టేది. ఎండకూ వానకూ ఆ గుట్ట మీదే తిరిగేది. మాట మాత్రం పొదుపు.

ఆమె కాసేపు నిలబడి సాయిలు తవ్వడం చూసింది.

"ఎందుకు తీస్తున్నవ్ సాయిలూ?"

"ఎందుకేందక్కా. బోడికాడ బతకాలంటే నక్కగడ్డ పోవాలె."

బసమ్మ అతని వంక వింతగా చూసింది. "అయ్యో తమ్మీ. రెండూ ఒకటే గదా," అంది.

సాయిలుకు చిర్రెత్తింది. తీసినా ఒకటే, తియ్యకపోయినా ఒకటే అంటోంది ఈవిడ అనుకున్నాడు. పనిచేసే మనిషి పక్కన నిలబడి ఇట్లాంటి బేకార్ మాటలు మాట్లాడేవాళ్ళంటే అతనికి మొదట్నుంచీ గిట్టదు.

"నీకు ఒకటే కావచ్చు. నాకు కాదు. నీ మేకల్ని చూసుకో పో," అన్నాడు.

బసమ్మ పోయింది. ఒక మాట రెండుసార్లు చెప్పే అలవాటు ఆమెకు లేదు.

పెళ్ళగించిన గడ్డల్ని గుట్ట మీదే పారేస్తే మళ్ళీ నాటుకుంటాయని సాయిలు వాటి ఆకులు కొడవలితో కోసేసి, గోనెసంచుల్లో కట్టి, ఇంటికి మోసుకొచ్చాడు. ఇంటి వెనక పాత పశువుల దొడ్డి ఒకటి ఉంది. పశువులు లేవు, దొడ్డి ఉంది. దాని రాతిగోడ వెడల్పుగా ఉంటుంది. ఎండితే పొయ్యిలోకైనా వస్తాయని గడ్డల్ని ఆ గోడమీద గుట్టలా పోశాడు. పోసి మరచిపోయాడు.

శుభ్రంగా ఉన్న జాగాను శివానంద్ ఫోటో తీసుకున్నాడు. "శభాష్ సాయిలు," అన్నాడు. ఆ మాట కూడా పుష్పమ్మకు చేరింది.

మళ్ళీ ఫాల్గుణం వచ్చింది. ఈసారి సాయిలు రోజూ పొద్దూ మాపూ పోయి చూస్తున్నాడు. నిరుడు అరవై నాలుగు. ఈసారి కలుపు లేదు, వంద దాటుతాయని ఆఫీసులో చెప్పి పెట్టాడు. శివానంద్ పై అధికారి రేంజరు వస్తున్నాడు, చుట్టూ కంచె వేస్తారు, బోర్డు పెడతారు. బోర్డు మీద పువ్వుకు ఊళ్ళో పిలిచే పేరు ఏమని రాయాలో సాయిలునే అడిగారు. బోడికాడ అని రాయండి సార్ అన్నాడు.

పువ్వు రాలేదు. వారం చూశాడు, రాలేదు. పది రోజులకు బండ సందుల్లో, గడ్డపార దిగని చోట్ల, ఐదు కాడలు లేచాయి. మిగతా జాగా వట్టి మొరం.

సాయిలుకు అన్నం దిగలేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఎంత ఆలోచించినా దొరకలేదు. తనవైపు నుంచి తప్పు ఉండొచ్చన్న ఆలోచన మాత్రం ఆ బుర్రలోకి రాలేదు. పద్దెనిమిదేళ్ళుగా రానిది ఇప్పుడెందుకు వస్తుంది.

మౌనశ్రీకి పరీక్షల డ్యూటీ పడింది, రాలేకపోయింది. ఫోన్లో వార్త వింది. తర్వాత, "ఎవరో గడ్డలు తవ్వుకపోయినట్టున్నరు అన్నా. మందులకు కొంటరు వాటిని," అంది ఏడుపు గొంతుతో.

బోడికాడకు కూడా గడ్డ ఉంటుందన్నమాట అనుకున్నాడు సాయిలు. ఉంటే ఉంటుంది. తను ఎప్పుడూ తవ్వి చూడలేదు. దొంగలు పడ్డారన్నది మాత్రం ఖాయమైపోయింది.

శివానంద్ వచ్చి ఖాళీ జాగా చూసి తల పట్టుకున్నాడు. పన్నెండు రోజుల్లో రేంజరు వస్తాడు. "ఇక్కడికి ఎవరెవరు వస్తారు సాయిలూ?"

"ఎవరూ రారు సార్. బసమ్మ ఒక్కతే వస్తది, మేకలతోని."

"ఆమెకు గడ్డలతో ఏం పని?"

సాయిలు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో అతనికి బసమ్మ దొంగ అని తెలుసా అంటే తెలియదు. దొంగ కాదని తెలుసా అంటే అదీ తెలియదు. తెలియదని చెప్పడం అతనికి చేతకాదు, అంతే.

"ఆనెలకు ఏదో గడ్డ కడ్తది సార్," అన్నాడు.

బసమ్మను పిలిపించారు. గుట్ట కింద వేపచెట్టు దగ్గర నిలబడింది, మేకలు వెనక నిలబడ్డాయి.

"నేను తియ్యలే," అంది. "ఎవరు తీసిన్రో ఆయన్నే అడుగు."

శివానంద్ సాయిలు వైపు తిరిగాడు.

"నేను తీసింది నక్కగడ్డ సార్. కలుపు. మీరు ఫోటో గూడ తీసుకున్నరు గదా."

"అవును," అన్నాడు శివానంద్.

"రెండూ ఒకటే అని ఆనాడే చెప్పిన," అంది బసమ్మ.

సాయిలుకు ఒళ్ళు మండిపోయింది. "ఏమన్నవ్? కలుపు తీసుడు, దొంగతనం చేసుడు, రెండూ ఒకటేనా? పద్దెనిమిదేండ్ల నౌకరి నాది. ఒక్క పుల్ల ఇంటికి తెచ్చుకోలే."

బసమ్మ నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. ఇద్దరు ఖాకీ చొక్కాల వంక చూసి మళ్ళీ నోరు మూసుకుంది. కొంగు దులుపుకుని మేకల్ని మళ్ళించింది.

ఆ రోజు నుంచి గుట్ట మీదికి బసమ్మ రాకూడదని శివానంద్ చెప్పాడు. కాగితం లేదు, కేసు లేదు, మాటే. కానీ బసమ్మలాంటి వాళ్ళకు మాటే కాగితం. ఎండాకాలంలో ఆ గుట్ట తప్ప మేకలకు మేత లేదు. ఆమె వాటిని రోడ్డువార తోలుకుపోయేది. చేలవాళ్ళు అరిచేవాళ్ళు, లారీలు హారన్లు కొట్టేవి. తవుడు కొని పెట్టే శక్తి లేదు. రెండో వారంలో నాలుగు మేకల్ని అంగడికి తోలింది. వాటిలో ఒకటి చూడిది.

సాయిలుకు ఆ సంగతి పుష్పమ్మ చెప్పింది. "పాపం బసమ్మక్క. ఆ చూడిమేకకు చంద్రి అని పేరు పెట్టుకున్నది. అంగడి నుంచి వస్తుంటే ఒక్కతే మాట్లాడుకుంట వస్తున్నది."

"తప్పు చేసినోళ్లకు తక్లీఫ్ ఉండదా మరి," అన్నాడు సాయిలు. అన్నాడే గానీ ఆ పూట పుంటికూర చేదనిపించింది. రొట్టె సగం వదిలి లేచాడు.

చెయ్యి కడుక్కుంటుంటే పుష్పమ్మ మామూలుగా అంది. "అంత పరేషాన్ అయితున్నవ్ గనీ, దొడ్డి గోడ మీద పూసినయ్ గద. వాటిని చూపిస్తే సరిపోదా మీ సార్‌కు?"

"ఏం పూసినయ్?"

"నీ బోడికాడలే. నాలుగు రోజులాయె. నువ్వే పెంచుతున్నవనుకున్న."

పొద్దు వాలుతోంది. సాయిలు తడిచేతులతోనే దొడ్డిలోకి పోయాడు.

గోడమీద గడ్డల కుప్ప అట్లాగే ఉంది. ఎనిమిది నెలలు మట్టి లేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు, పై పొరలు ఎండి కాగితంలా లేచిపోతున్నాయి. ఆ కుప్పలోంచి కాడలు లేచి ఉన్నాయి. కొన్ని నిటారుగా, కొన్ని పక్కగడ్డల కిందినుంచి వంకర తిరిగి బయటపడి మళ్ళీ నిటారుగా. తలలు వంచుకున్న మాసిన తెల్లపూలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. కనిపించిన ప్రతిదాన్నీ లెక్కపెట్టే మనిషి వాటిని లెక్కపెట్టలేదు.

ఒక గడ్డను చేతిలోకి తీసుకున్నాడు. నెత్తిన తన కొడవలి కోత ఉంది. కోసిన ఆకుల మొదళ్ళు ఎండి నల్లబడి ఉన్నాయి. సరిగ్గా ఆ మొదళ్ళ పక్కనుంచే బోడికాడ లేచింది. ఇంకో గడ్డ తీశాడు. దానికీ అంతే. మూడోదానికీ అంతే.

వానలో ఆకు, ఎండలో పువ్వు. ఆకు ఉన్నప్పుడు పువ్వు ఉండదు, పువ్వు ఉన్నప్పుడు ఆకు ఉండదు. ఊరు దానికి రెండు పేర్లు పెట్టింది. ఆ రెండు పేర్లు పట్టుకుని సాయిలు ఒకదాన్ని బతికించడానికి ఇంకోదాన్ని పెళ్ళగించాడు.

రెండూ ఒకటే.

 గోడకు ఆనుకుని కూలబడ్డాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఆమె చెప్పింది. రెండుసార్లు చెప్పింది. ఒక మాట రెండుసార్లు చెప్పని మనిషి తనకోసం రెండుసార్లు చెప్పింది. చెవులుండీ విననిది తను. పైగా ఆమె దొంగయింది, తను దొరయ్యాడు.

పుష్పమ్మ వచ్చి సంగతంతా విని, చాలాసేపు కాడల వంక చూసింది. "ఎవరికి ఎరుక," అంది చివరికి, గొంతు తగ్గించి. "సంచిల వేసుకొని పోయి పాతి రా. ఐదు పూసిన చోట యాభై పూస్తయ్. దేవుడిచ్చిండంటరు."

"బసమ్మక్కకు ఎరుక."

"ఆమె మాట ఎవరు వింటరు?"

"అదే గద," అన్నాడు సాయిలు.

తెల్లారి శివానంద్‌కు ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాడు. 

"రెండూ ఒకే మొక్క అని నీకు తెలియదా సాయిలూ?"

"తెల్వదు సార్," అన్నాడు సాయిలు.

పద్దెనిమిదేళ్ళ నౌకరీలో ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి.  పిడుగేం పడలేదు. వాకిట్లో పుష్పమ్మ ఊడుస్తూనే ఉంది.

శివానంద్ చెడ్డవాడు కాదు. చప్పున లెక్క వేసుకున్నాడు. "సరే, గడ్డలు బతికే ఉన్నాయి కదా. మెల్లగా పాతెయ్. ఎవరికీ చెప్పకు. రేంజరు సార్ వచ్చి పోనీ."

"మరి బసమ్మ సంగతి సార్?"

"ఒక నెల పోనీ. తర్వాత నేనే రమ్మని చెప్తా."

"నెల అంటే ఆ మూడు మేకలు గూడ ఉండయ్ సార్," అన్నాడు సాయిలు. "నేనే తీసినని రాయుండ్రి. ఆమె తియ్యలేదని రాయుండ్రి. కాగితం మీద నా పేరు రెండుచోట్ల ఉండె గదా. ఇంకోచోట రాయుండ్రి."

"రాస్తే నిన్ను అక్కడ ఉంచరు."

"ఎరుకే సార్." శివానంద్ సరే రాస్తానన్నాడు, బసమ్మను గుట్టకు రానిమ్మన్నాడు.

తర్వాత పెద్ద గంప తీసుకుని గడ్డల్ని కాడలు విరగకుండా నిలువుగా సర్దాడు. ఒక గంపలో పట్టలేదు, ఇంకో గంప పుష్పమ్మ ఎత్తుకుంది. దొడ్డి వెనక నుంచి గుట్టకు అడ్డదారి ఉంది. సాయిలు ఆ దారి పట్టలేదు. ఊరి నడుమ నుంచి, చాయ్ హోటల్ ముందునుంచి, పాలకేంద్రం ముందునుంచి నడిచాడు. నెత్తిమీది గంపలోంచి కాడలు మూరెడెత్తు లేచి ఊగుతున్నాయి. అవి పోయాయని ఊరంతా విన్న పువ్వులే. "ఏంది సాయిలూ, యాడ దొరికినయ్?" అని హోటల్ దగ్గర ఎవరో అడిగారు.

"మా ఇంట్లనే," అన్నాడు సాయిలు. ఆగి చెప్పాడు. గొంతు తగ్గించకుండా చెప్పాడు.

బసమ్మ ఇంటిముందు మూడు మేకలు కట్టేసి ఉన్నాయి. నాలుగు గుంజలు ఖాళీగా ఉన్నాయి. ఆమె గంపను చూసింది, కాడల్ని చూసింది, సాయిలు మొహం చూసింది. ఏం జరిగిందో చెప్పాల్సిన పని లేకపోయింది.

"నీ మాట నా చెవికి ఎక్కలే అక్కా," అన్నాడు సాయిలు. "గలత్ నాది. సార్‌కు చెప్పిన. గుట్టకు నువ్ రావొచ్చు. ఇవి ఎట్ల పాతాల్నో నాకు తెల్వదు. నువ్ చెప్తే పాతుత."

రెండోసారి ఆ మాట కొంచెం తేలిగ్గా వచ్చింది.

 బసమ్మ మేకల తాళ్ళు విప్పింది.

గుట్ట మీద ఆ రోజు మధ్యాహ్నం దాకా పాతారు. సాయిలు తవ్వాడు, పుష్పమ్మ అందించింది, బసమ్మ కూర్చుని చూపించింది. పెద్దవి ఇక్కడ ఉండేవి, పిల్లగడ్డలు ఆ బండ పక్కన ఉండేవి. మరీ లోతుగా కాదు, మెడ బయటికి కనపడాలె. నీళ్ళు పోయకు, కుళ్ళుతయ్. ఏ గడ్డ ఏ చోటిదో ఆమెకు తన వేళ్ళంత బాగా తెలుసు. ఏడాది పొడుగునా చూసిన మనిషి. ఆకు పోయి పువ్వు రావడం, పువ్వు పోయి ఆకు రావడం ఆమె ఎదుటే జరిగింది, నలభైసార్లు. ఆమెను ఎవరూ అడగలేదు, అంతే.

ఆఖరి గడ్డ పాతాక సాయిలు చేతుల మట్టి దులుపుకోకుండా నిలబడ్డాడు. "ఏదన్న అను అక్కా. తిట్టు. ఏమనకుంటే మంచిగ లేదు."

"ఏమనాలె," అంది బసమ్మ. మూడు మేకలు చండ్రచెట్టు కింద రాలిన కాయలు ఏరుకుంటున్నాయి. ఆమె వాటినే చూస్తోంది. "గడ్డలంటే ఎనిమిది నెలలు గోడమీద పడేసినా బతికినయ్. పాతితే మళ్ల లేస్తయ్. నా చంద్రిని యాడ పాతుతవ్ సాయిలూ?"

 పుష్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రేంజరు వచ్చాడు, వాడిపోతున్న కాడల్ని చూశాడు, శివానంద్ రాసిన కాగితం చదివాడు. కంచె మంజూరైంది. బోర్డు కూడా వచ్చింది. దాని మీద పువ్వు బొమ్మ, కింద బోడికాడ అన్న పేరు. ముందే అచ్చుకు పోయింది, మార్చడానికి వీల్లేదన్నారు. మౌనశ్రీ ఒక ఆదివారం వచ్చి, "ఆకుల సంగతి నేను చెప్పాల్సింది అన్నా, నీకు ఎరుకే అనుకున్న," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అందరూ అట్లనే అనుకునేటట్టు నేనే చేసిన బిడ్డా," అన్నాడు సాయిలు. సాయిలును గుట్ట మీదినుంచి తీసి రోడ్డుపక్క నర్సరీలో వేశారు. ప్లాస్టిక్ సంచుల్లోని టేకు మొక్కలకు నీళ్ళు పెట్టే పని. గుట్టకు వాచరుగా వేరే ఊరి నుంచి రాచయ్య అనే మనిషి వచ్చాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు, పనిలో శ్రద్ధ ఉన్నవాడు.

ఆషాఢం వచ్చింది, వానలు పడ్డాయి. సెలవు రోజున సాయిలు ఖాకీ చొక్కా లేకుండా గుట్టెక్కాడు. కంచె పక్కన బసమ్మ రాతిమీద కూర్చుని ఉంది. మూడు మేకలు, వాటి వెనక కొత్తగా పుట్టిన పిల్ల ఒకటి. కంచె లోపల నక్కగడ్డ లేచింది. నిరుటి అంత లేదు. అయినా పాతిన చోటల్లా పట్టీల్లాంటి ఆకులు, వాన నీటికి మెరుస్తూ. సాయిలు మొదటి నుంచి చివరిదాకా లెక్కపెట్టాడు. నలభై ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

రాచయ్య గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. "మంచిగ దొరికినవ్ సాయిలన్నా. బోడికాడల జాగల ఈ గడ్డేందో మొత్తం కమ్ముకున్నది. బోర్డు మీద బొమ్మకు దీనికి సంబంధమే లేదు. తీసేద్దామని వచ్చిన."

"తియ్యకు," అన్నాడు సాయిలు. "రెండూ ఒకటే."

రాచయ్య ఆలోచించాడు. "తీసినా తియ్యకున్నా ఒకటే అంటవా? అయితే తీసేస్త. శుభ్రంగ ఉంటది."

సాయిలు బసమ్మ వైపు చూశాడు. ఆమె ఈసారి నవ్వింది. నవ్వి, నువ్వే చెప్పుకో అన్నట్టు మొహం తిప్పుకుంది.

సాయిలు రాచయ్య భుజం మీది గడ్డపారను దించి నేలమీద పెట్టాడు. "కూసో," అన్నాడు. "ఒక్క మాటల చెప్తే ఇది ఎక్కదు. మొదట్నుంచి చెప్త. నిరుడు ఇదే ఆషాఢంల, ఇదే జాగల, ఒకడు గడ్డపార పట్టుకొని వచ్చిండు. అన్నీ తనకే ఎరుక అనుకునేటోడు."

"ఎవడు వాడు?"

"నేనే," అన్నాడు సాయిలు. అరవై నాలుగు కాడల దగ్గర మొదలుపెట్టి, గోనెసంచులు, దొడ్డి గోడ, వేపచెట్టు కింద తను అన్న మాట, ఏదీ వదలకుండా చెప్పుకొచ్చాడు. నాలుగు మేకల సంగతి దగ్గర ఆగిపోతే, చంద్రి పేరు బసమ్మ అందించింది.